గొంగడికి ఇచ్చిన మాట

మనుషులకు మాట ఇచ్చి చిక్కుల్లో పడ్డవాళ్లను మీరు చూసే ఉంటారు. నేను ఒక గొంగడికి మాట ఇచ్చి చిక్కుకున్నాను. అది కూడా పట్టపగలు, కల్లు చుక్క ముట్టకుండా, నలభై ఏళ్లు నిండిన తెలివితో. ఆ తర్వాత నేను తీసిన పరుగును మా అత్తగారి ఊళ్లో చాలాకాలం కథగా చెప్పుకున్నారు. పరుగు సంగతి వాళ్లకు తెలుసు. మాట సంగతి మాత్రం నాకూ, నా భార్యకూ, ఇంకొకరికీ తప్ప ఎవరికీ తెలియదు. ఆ ఇంకొకరు ఎవరన్నదే నా బాధ.

అప్పుడు నేను నల్గొండలో, తాలూకా కచేరీలో గుమాస్తాను. సాగర్ ఆనకట్ట కడుతున్న రోజులు. ఎవరి భూమి నీళ్లలో మునుగుతుంది, ఎవరి భూమికి నీళ్లు వస్తాయి అని అడగడానికి జనం తెల్లవారకముందే వచ్చి కచేరీ మెట్ల మీద కూర్చునేవారు. దేవుడికే తెలియని ఆ సంగతి గుమాస్తాకు తెలుసని వాళ్ల నమ్మకం. పొద్దున పిల్లలు లేవకముందు వెళ్లేవాణ్ని, వాళ్లు పడుకున్నాక ఇల్లు చేరేవాణ్ని. ఒక ఆదివారం నేను ఎటూ పోకుండా అరుగు మీద కూర్చోవడం చూసి మా చిన్న బిడ్డకు అనుమానం వచ్చింది. వాళ్లమ్మ కొంగు పట్టుకొని మెల్లగా అడిగింది.

"అమ్మా, గీయన ఎప్పుడు పోతడు?"

నా భార్య సత్తెమ్మ నవ్వింది. నేనూ నవ్వాను. పక్కింటాయనకు చెప్పి మరీ నవ్వాను. కానీ ఆ రోజు అన్నం సగంలోనే లేచాను.

అప్పుడు నా బుర్రలో ఒక మహత్తరమైన ఆలోచన పుట్టింది. మాది కురుమ ఇల్లు. మా బాపు ఉన్న గొర్లన్నీ అమ్మి నన్ను చదివించాడు. అన్నాళ్లూ అది ఆయన త్యాగమని అందరికీ చెప్పుకున్నాను. నలభై దాటాక అది ఆయన నాకు చేసిన అన్యాయంగా తోచడం మొదలైంది. గొర్ల కాపరికి పైఅధికారి ఎవరు? గొర్రె ఎవరినైనా సంజాయిషీ అడుగుతుందా? చెట్టు కింద కూర్చోవడం, పొద్దు గూకకముందే ఇల్లు చేరడం, బిడ్డను ఒళ్లో కూర్చోబెట్టుకోవడం. ఇంతకన్నా మనిషికి ఏం కావాలి? కాపరుల బతుకు నాకు అంత బాగా తెలుసు మరి! చిన్నప్పుడు కూడా నేను గొర్రెపిల్లను చూసి పారిపోయేవాణ్నట, మా అవ్వ చెప్పేది.

సత్తెమ్మకు చెప్పాను. మీ అన్న దగ్గర నాలుగు రోజులు గొర్లు కాచి చూస్తాను, కుదిరితే ఉద్యోగం వదిలేస్తాను అని. ఆమె పొయ్యిలోకి గొట్టంతో ఊదుతూ ఉండిపోయింది. భార్య మాట్లాడకపోతే ఒప్పుకున్నట్టేనని నేను అర్థం చేసుకున్నాను. పెళ్లయి అన్నేళ్లయినా నా చదువు అంతవరకే వచ్చింది.

సెలవు పెట్టి అందరం హాలియా అవతల ఉన్న అత్తగారి ఊరికి వెళ్లాం. సరిగ్గా అప్పుడే ముసురు పట్టింది. వాన కురిసి వెలిసిపోతే బాగుండును. ముసురు అలా కాదు, సన్నగా, చప్పుడు లేకుండా, పగలంతా సందెవేళలాగే ఉంచుతుంది. మా బావ మల్లయ్య నా చేతికి ఒక కట్టె, గొంగడి ఇచ్చి, నన్ను మందతోపాటు గుట్ట మీదికి తీసుకుపోయాడు. పైన ఏనుగంత రాతిగుండు, దాని ముందు కొంచెం మెరక జాగా. మంచు కిందికి దిగి గొర్లు సగం కనిపిస్తున్నాయి, సగం గంటల చప్పుడుగానే ఉన్నాయి.

కొంతసేపటికి ఒక కుంటి గొర్రె కనబడటం లేదన్నాడు మల్లయ్య.

"బావా, నువ్వు గీడనే ఉండు. నేను దాన్ని దేవులాడుకొనొస్త. యాడికన్న జర పక్కకు పోవాల్సొస్తే నీ కట్టె పాతి దానికి గొంగడి కప్పిపో. మనిషున్నడనుకొని గొర్లు కదలవు."

రెండు అడుగులు వేసి మళ్లీ వెనక్కి తిరిగాడు.

"ఇంకో మాట. ముసురుల గీ గుండు కాడ ఎవలన్న కూసున్నట్టు కనవడితే ముందుగాల నువ్వు మాట్లాడకు."

ఎందుకని అడిగాను. వాళ్ల తాతల కాలంలో ఒక ముసలి కాపరి ఇక్కడే మందతో ఆగిపోయాడట. తెల్లారి ఊరివాళ్లు వచ్చి చూస్తే గొర్లన్నీ ఉన్నాయి. కట్టె మీద గొంగడి కూడా ఉంది. మనిషి లేడు. ఇప్పటికీ దొరకలేదు. "ఒక్కడే ఉండలేక తోడు దేవులాడుతడంటరు" అని చెప్పి, ఏదో వాతావరణం సంగతి చెప్పినంత మామూలుగా మంచులోకి నడిచిపోయాడు.

నేను కచేరీ మనిషిని కదా, ఇలాంటివి నమ్మను. నమ్మనని పైకి కూడా అన్నాను. గొర్లలో ఒకటి తల ఎత్తి నా వైపు చూసింది. అది నచ్చక కట్టె పాతి, గొంగడి కప్పి, గుండు వెనక గుహలాంటి సొరికెలో తడవకుండా కూర్చున్నాను. కూర్చుంటే ఒరిగాను. ఒరిగితే నిద్రపట్టింది. కాపరిగా నా మొదటి రోజు ఇంత దివ్యంగా సాగింది.

లేచేసరికి గంటల చప్పుడు లేదు. మంద పోయిందనుకొని గుండు చుట్టూ తిరిగి వచ్చాను. గొర్లు ఎక్కడివక్కడే ఉన్నాయి. అన్నీ నిలబడి ఒకే వైపు చూస్తున్నాయి. నేను ఒక గొంగడి కప్పి వెళ్లాను. అక్కడ రెండు ఉన్నాయి.

పక్కపక్కన, నెత్తి మీదుగా కప్పుకొని కూర్చున్న ఇద్దరు మనుషుల్లా ఉన్నాయి. రెంటికీ ముఖం ఉండాల్సిన చోట చీకటే ఉంది. ఒకటి నా కట్టె. రెండోది ఎవరు? మల్లయ్యే అయి ఉంటాడు, తిరిగొచ్చి నేను నిద్రపోవడం చూసి అలిగి కూర్చున్నాడు, అనుకున్నాను. మీరైనా అంతే అనుకునేవారు. ఏది కట్టెనో, ఏది బావనో తేలక రెంటికీ ఎదురుగా, కొంచెం ఎడంగా కూలబడ్డాను.

"బావా, గొర్రె దొరికిందా?"

తప్పు నాది కాబట్టి బతిమాలడం మొదలుపెట్టాను. బతిమాలుతూ బతిమాలుతూ ఎక్కడికో వెళ్లిపోయాను. కచేరీలో కూర్చుంటే ఊపిరాడదని చెప్పాను. మా బాపు అమ్మిన గొర్లు కలలోకి వస్తున్నాయని చెప్పాను. సత్తెమ్మ ముఖం సరిగ్గా చూసి ఎన్నాళ్లయిందో గుర్తు లేదన్నాను. చివరికి బిడ్డ అన్న మాట కూడా చెప్పేశాను.

"నా బిడ్డకు నేను సుట్టపోన్ని అయిపోయిన బావా."

"ఊఁ" అని వినిపించింది. సన్నగా, గొంగడి లోపలి నుంచి.

ఆ ఒక్క ఊఁతో నాకు ఎంత ధైర్యం వచ్చిందో చెప్పలేను. మంచీ చెడూ చూసుకోకుండా నోరు జారాను.

"నేను మళ్ల నల్గొండకు పోను. నన్ను గీ గుట్ట మీదనే ఉంచుకో. నీకు తోడుంట."

"ఊఁ."

ఈసారి కొంచెం బొంగురుగా వినిపించింది. సరిగ్గా అప్పుడే ఎదుటి వాలు మీద మంచు చీలి, మా బావ మల్లయ్య కుంటి గొర్రెను భుజాన వేసుకొని పైకి ఎక్కి వస్తూ కనిపించాడు.

అప్పుడు నా కాళ్లు నన్ను అడగలేదు. నేను పరుగెత్తాను. నేను పరుగెత్తితే నా వెనక మంద పరుగెత్తింది. గొర్రె ముందున్నవాణ్ని నమ్ముతుంది కదా, పాపం. వెనక్కి తిరిగి చూస్తే రెండు గొంగళ్లలో ఒకటి లేచి మా అందరి వెనక వస్తోంది, పైగా నన్నే పిలుస్తోంది. పిలిస్తే పలకకూడదని నోరు రెండు చేతులతో మూసుకొని పరుగెత్తాను. చేతులు ఖాళీ లేక ఎదురుగా బలుసు ముళ్లపొద కనిపించినా ఆగలేక అందులో పడ్డాను. నా మీదుగా కొన్ని గొర్లు దూకిపోయాయి, మర్యాద తెలిసిన కొన్ని చుట్టూ తిరిగి పోయాయి.

పొద మీదికి వంగిన గొంగడి కిందనుంచి సత్తెమ్మ ముఖం బయటపడింది. చేతిలో సద్ది గిన్నె ఉంది. అన్నం తెచ్చిందట. నేను లేకపోవడంతో వాళ్లమ్మ గొంగడి కప్పుకొని నా కట్టె పక్కనే కూర్చుందట. ముందే ఎందుకు పలకలేదని ముళ్ల మధ్యనుంచే గద్దించాను.

"గిన్నేండ్ల సంసారంల నువ్వు నాతోని గన్ని మాటలు ఎన్నడు మాట్లాడినవ్? పలికితే బంద్ చేస్తవని పలకలే" అంది.

గద్దించినవాణ్ని ఎటు చూడాలో తెలియక ముళ్లు ఏరుకుంటూ కూర్చున్నాను. మల్లయ్య నవ్వి నవ్వి గొర్రెను కింద దించేశాడు. ఊరు ఊరంతా నవ్వింది.

మర్నాడే తిరుగు బస్సు ఎక్కాం. ఉద్యోగం వదిలే మాట నేను ఎత్తలేదు, ఆమె అడగలేదు. బిడ్డ నా ఒళ్లో నిద్రపోతోంది. కిటికీలోంచి ఆ గుట్ట కనిపిస్తోంది. మనసులో ఉన్నది ఆపుకోలేక అడిగేశాను.

"అంతా బాగనే ఉన్నది గని, నన్ను గుట్ట మీదనే ఉంచుకో అంటే గూడ ఊఁ అంటివి. గంత కోపమా నా మీద?"

సత్తెమ్మ నా ముఖంలోకి చూసింది.

"బిడ్డ ముచ్చట చెప్పినప్పుడు అన్న ఊఁ. గంతే. గా మాట అన్నప్పుడు నేను ఏడుస్తున్న. ఊఁ అననీకి గొంతు యాడిది?"

బస్సు గుట్ట దాటేదాకా నేను కిటికీ వైపు చూడలేదు. మధ్యలో బిడ్డ కళ్లు తెరిచి నన్ను పరీక్షగా చూసి, "నువ్వు గూడ మాతోనే వస్తున్నవా?" అని అడిగింది. ఊఁ అనబోయి ఆగాను.

"వస్తున్న బిడ్డా. మీతోనే ఉంట" అని పూర్తి మాటలతో, పక్క సీటువాళ్లకు కూడా వినబడేటట్టు చెప్పాను. వినాల్సినవాళ్లు విన్నారనే అనుకుంటున్నాను.

ఆ తర్వాత పొద్దు గూకకముందే ఇల్లు చేరడం నేర్చుకున్నాను. పైఅధికారి కోపం కన్నా పెద్ద భయం ఒకటి ఉంటే అది సులువే. ఆ బస్సులో మనసులోనే చేసుకున్న ప్రతిజ్ఞను ఇప్పుడు మీ అందరి ముందూ మళ్లీ చేస్తున్నాను: ముఖం చూడకుండా ఇక ఎవరి ముందూ నా మనసు విప్పను. ఎక్కడ గొంగడి కూర్చుని కనిపించినా ముందు కొస పట్టి ఎత్తి చూస్తాను. కింద మనిషి ఉంటే క్షమించమంటాను. లేకపోతే, ఆనాడు నేను తొందరపడ్డానని, నాకు పిల్లలున్నారని చెప్పుకొని, మెల్లగా దించి వచ్చేస్తాను.