లండన్ విమానం, అక్క ఉపవాసం

బొంబాయి నుంచి లండన్‌కు విమానంలో ఎన్ని గంటలని అడిగితే ఇప్పటి పిల్లలు ఆలోచించకుండా ఒక్క అంకె చెప్పేస్తారు. ఆ అంకె తేలక మా ఛత్రినాక గల్లీలో ఒక మనిషి గొంతు ఎండబెట్టుకుని కూర్చున్న రోజు ఉంది. ఆనాడు అక్కడున్నవాళ్లలో నేనొక్కణ్ణే మిగిలాను కనుక రాసి పెడుతున్నాను.

యాభైలనాటి మాట. పక్కింటి పూజారిగారి భార్యను అక్కా అని, ఆయనను బావా అని పిలిచేవాణ్ణి. తల్లి పోయాక అక్కే పెంచిన తమ్ముడు కొలువు శిక్షణకని లండన్ విమానం ఎక్కాడు. "వాడు నేల మీద కాలు పెట్టేదాక మంచినీళ్లు ముట్ట" అని ఆమె మొక్కుకుంది. మరునాడు సాయంత్రం నాలుగింటికి దిగుతానని అతను చెప్పి వెళ్లాడు.

నా బడి చదువు ఐదో తరగతితో ఆగింది. మిగిలిందంతా గ్రంథాలయంలో సంపాదించుకున్నదే, ఆ గర్వం ఇప్పటికీ ఉంది. ఆ మధ్యాహ్నం దర్జీ భాయ్ దగ్గర దారం అడిగి తీసుకెళ్లి, గ్రంథాలయంలో పటం మీద లండన్ దూరం కొలిచాను. గ్లోబు మీద కొలిస్తే ఇంకో దూరం వచ్చింది. ఏది నమ్మాలో తెలియక ఇంకో పుస్తకం తెరిస్తే, లండన్ గడియారం మనకంటే అయిదున్నర గంటలు వెనకని ఉంది. ఇంటికి పరుగెత్తాను.

నాలుగైందని అక్క అప్పటికే గ్లాసు చేతిలోకి తీసుకుంది.

"ఆగక్కా! అది లండన్ల నాలుగు. మనకు రాత్రి తొమ్మిదిన్నర."

"మరిప్పుడు ఆడ ఎంత?"

"పొద్దున పదిన్నర."

"ఈడ పొద్దు వాలబట్టె, ఆడ పొద్దున ఏంది?"

బావ కసిరాడు. "నిన్నటి సంది నీళ్లు లేవామెకు. నువ్వేమో పుస్తకం జూసొచ్చి లొల్లి వెడ్తున్నవ్."

దారం కోసం వచ్చిన భాయ్ గడపలో నిలబడి అన్నాడు. "మేం రోజా ఉపాసం, ఉన్న ఊరి పొద్దు జూసే విప్పుతం బెహెన్. మక్కా పొద్దు జూస్తమా?"

"నేను పొద్దుకు మొక్కలే భాయ్, వాడి కాలుకు మొక్కిన."

నేను వేళ్ల మీద గంటలు లెక్కపెట్టాను. "నడుమ కైరోల ఆగుడు గూడ కలపాలె" అని గొణిగాను.

"ఆగుతదా? కిందికి దింపుతరా?"

"పెట్రోలు పోసేదాక దింపుతరట. ఈపాటికి ఆ ఊరు దాటే ఉంటది."

అక్క బావ వైపు తిరిగింది. "అది నేలేనా, కాదా?"

బావ నన్ను చూశాడు. నేను భాయ్‌ని చూశాను.

"ఇసకైతేంది, జమీనే గదా!" అన్నాడు భాయ్.

అక్క గటగటా తాగేసింది.

తమ్ముడు క్షేమంగా చేరాడని తర్వాత తంతి వచ్చింది. కానీ కైరోలో కాలు పెట్టినవాడు మళ్లీ గాల్లోకి లేచాడు కదా? మొక్కు తీరినట్టా, సగమే తీరినట్టా? ఎన్ని పుస్తకాలు తిరగేసినా నాకు తేలలేదు.

దారమిచ్చిన భాయ్‌కి, గ్లోబు ముట్టనిచ్చిన గ్రంథాలయం నౌకరుకి, తిట్టి ఊరుకున్న బావకి, ఖాళీ గ్లాసు నా చేతికిచ్చి "ఇంకో గ్లాసు తే తమ్మీ" అన్న అక్కకి, పేర్లు రాయకపోయినా దండాలు.