ఆల్సీడ్ గిలరీ కిందికి దింపిన కుర్రాడు

ఆల్సీడ్ గిలరీ అమెరికన్ ఫుట్‌బాల్ ఆట చూడడానికి వెళ్ళి ఆట చూసేవాడు కాదు. ఎవరు గెలిచారని ఇంటికొచ్చాక భార్య ఏర్లీన్ అడిగితే నీళ్ళు నమిలేవాడు. ఆయన చూసేది కుర్రాళ్ళ నడుములు. వెనక్కి వెనక్కి పరుగెత్తుతూ కాపు కాసే కార్నర్ కుర్రాడు, బంతి అందుకోవడానికి తన మీదికొస్తున్న రిసీవర్ దారి మార్చగానే ఎంత చప్పున నడుము తిప్పుతాడు, తిప్పేటప్పుడు ఎంత జాగా పోగొట్టుకుంటాడు, ఇదే ఆయన ధ్యాస. తక్కిన జట్లకు ఆటగాళ్ళను వెతికిపెట్టే స్కౌట్లు గీత పక్కన కాఫీలు తాగుతూ లోకాభిరామాయణం చెప్పుకుంటుంటే, ఈయన ఒక్కడూ మైదానం కొసన గోల్ కర్రల వెనక నిలబడేవాడు. లూయిజియానా ఎండైనా అక్కడే, వానైనా అక్కడే.

"నా నడుముకన్నా ఆ కుర్రాళ్ళ నడుములే ఎక్కువ చూశావు జీవితంలో," అని దెప్పేది ఏర్లీన్.

"నువ్వెప్పుడైనా వెనక్కి పరుగెత్తావా నేను చూడ్డానికి?" అనేవాడు.

ఆయన పుట్టింది చెరకు తోటల మధ్య. టెష్ వ్యాలీ కాలేజీ జట్టులో కార్నర్‌గా ఆడాడు. కుడి పక్కన ఆల్సీడ్, ఎడమ పక్కన హార్లన్ బాటిస్ట్. ఇద్దరిదీ ఒకే వీధి, ఒకే చర్చి. ఒకడి ఇంట్లో గంబో పులుసు వండితే రెండోవాడికి గిన్నె పెట్టాల్సిందే. జీతమిచ్చి ఆడించే పెద్ద జట్టులో ఆడాలన్న ఆశ ఆల్సీడ్‌కి మొదటి శిబిరంలోనే మోకాలితోపాటు విరిగిపోయింది. కొన్నాళ్ళు బడిలో డ్రిల్లు మాస్టారుగా చేసి, తర్వాత ఒక పెద్ద జట్టుకు ఈ చుట్టుపక్కల కాలేజీలు చూసిపెట్టే స్కౌట్ అయ్యాడు. హార్లన్ టెష్ వ్యాలీలోనే ఉండిపోయి, అక్కడి కార్నర్లకు కోచ్ అయ్యాడు. ఆల్సీడ్ కూతురికి బాప్తీస్మమిచ్చిన రోజున బిడ్డను ఎత్తుకున్న జ్ఞానతండ్రి హార్లనే. ఆ పిల్ల ఇప్పటికీ అతన్ని 'పారేన్' అనే పిలుస్తుంది. ఆ ఊళ్ళో పారేన్ అంటే తోబుట్టువుకన్నా ఒక మెట్టు పైన.

ప్రతి ఏప్రిల్లో పెద్ద జట్లు మూడు రోజులపాటు వంతులవారీగా కాలేజీ కుర్రాళ్ళను ఏరుకుంటాయి. ఆ డ్రాఫ్టులో ముందు పిలుపొచ్చినవాడి బతుకు ఒకటి, చివర్లో పిలుపొచ్చినవాడి బతుకు వేరొకటి. మొదటివాడు తప్పులు చేసినా రెండేళ్ళు ఓర్చుకుంటారు. చివరివాడు ఒక్కసారి జారితే ఇంటికి బస్సెక్కిస్తారు. ఎవరు ముందు, ఎవరు వెనక అని జట్టుకు చెప్పడమే స్కౌట్ల పని. ఆ పనిలో ఆల్సీడ్‌కి ఉన్న ఆస్తి ఒక్కటే. చూడందే చెప్పడని పేరు. అందుకే కార్నర్ల విషయంలో పోటీ జట్లవాళ్ళు కూడా ఈయన ఎవరిని పైన పెట్టాడో కూపీ లాగేవాళ్ళు.

అలాంటి మనిషి కంట్లో జావియన్ సోనియే పడ్డాడు.

ఊరివాడే, స్కూలు బస్సు నడిపే ఒడెస్సా కొడుకు, టెష్ వ్యాలీ జట్టులో కార్నర్. ఆ శరదృతువులో ఆల్సీడ్ వాణ్ణి చూసిన మొదటి ఆటలో, రిసీవర్ ఇంకా మలుపు తిరగనేలేదు, వీడు ఆ మలుపు దగ్గరికి వెళ్ళి కాచుక్కూచున్నాడు. బంతి వచ్చింది, అందుకున్నాడు. గుడ్డిదెబ్బ అనుకున్నాడు ఆల్సీడ్. మరుసటి వారం మళ్ళీ చూశాడు. వాడు వేగంగా పరుగెత్తేవాడే కాని, అలాంటివాళ్ళు వీధికొకరుంటారు. వీడు ముందే కనిపెడుతున్నాడు. వంటింట్లో గిన్నె చప్పుడును బట్టి ఈపూట కూరేమిటో చెప్పే పిల్లాడిలా, ఎదుటివాళ్ళు నిలబడ్డ తీరును బట్టి బంతి ఎటొస్తుందో చదివేస్తున్నాడు. ఇన్నేళ్ళలో ఆల్సీడ్ అలాంటి కుర్రాణ్ణి చూడలేదు.

ఆ సోమవారం ఒడెస్సా ఇంటికి వెళ్ళాడు. ఆమె ఎర్ర చిక్కుళ్ళూ అన్నమూ వడ్డించింది. చేతుల పొడవు కొలవడానికి ఆయన టేపు తీస్తే, ఆమె గరిటె పట్టుకుని అలాగే నిలబడింది.

"మా ముత్తాతల్ని కూడా బానిసల సంతలో ఇలాగే కొలిచి కొనుక్కున్నారట, ఆల్సీడ్ గారూ."

"తెలుసమ్మా. మా వాళ్ళనీ కొలిచారు. అప్పుడు ధర వేరేవాడి జేబులోకి పోయింది. ఇప్పుడు వీడి చేతికొస్తుందనే కొలుస్తున్నాను."

"మీరు మా మనిషి కాబట్టి ఊరుకుంటున్నా. ఇంకోడైతే ఆ టేపుతోనే కట్టేసి పంపించేదాన్ని."

కుర్రాడు పడీపడీ నవ్వాడు. ఆల్సీడ్ ఇంటికొచ్చి వాణ్ణి రెండో వంతులో తీసుకోదగ్గవాడని రాశాడు. కార్నర్ల విషయంలో ఆయన కలం అంత పైకి ఎప్పుడోగాని వెళ్ళదు.

ఈస్టరుకు ముందు ఉపవాస దినాల్లో, ఒక శుక్రవారం హార్లన్ ఇంటి పెరట్లో రొయ్యల్లాంటి క్రాఫిష్ ఉడకబెట్టారు. బల్లమీద కాగితాలు పరిచి కుప్ప పోశారు. ఇద్దరూ తలలు తుంచుతూ, పాత ఆటలు తలచుకుంటూ తింటున్నారు. మాట జావియన్ మీదికి వచ్చేసరికి హార్లన్ చేతులు తుడుచుకున్నాడు.

"ఎంత పైన పెట్టావురా వాణ్ణి?"

"చాలా పైన."

హార్లన్ కుర్చీ దగ్గరికి లాక్కున్నాడు. "చెప్పకూడదు. నా దగ్గర ఆడే కుర్రాడు. కాని రేపు నీ పరువు పోతే ఏర్లీన్‌కి మొహం ఎలా చూపించను? నీకు కాబట్టి చెప్తున్నా."

"ఏంటి?"

"వాడు ముందే కనిపెడతాడని మురిసిపోతున్నావు చూడు, కనిపెట్టేది వాడు కాదు, నేను. నేను గీత బయట నిలబడి టోపీ సర్దుకుంటే ముందుకి దూకుతాడు, చెవి గోక్కుంటే వెనక్కి పోతాడు. మన పాత కోచ్ మనతో ఆడించేవాడు కాదూ, అదే. నేను లేకపోతే ఆ కుర్రాడు అమావాస్య చీకట్లో ఆడినట్టే."

ఆల్సీడ్ చేతిలోని క్రాఫిష్ కిందపెట్టేశాడు. పాత కోచ్ సైగలు నిజమే. ఆ సైగలతోనే వీళ్ళిద్దరూ కాలేజీలో పేరు తెచ్చుకున్నారు. పెద్ద జట్టు శిబిరానికి వెళ్ళాక సైగ చేసేవాడు లేక తను ఎంత తడబడ్డాడో ఆల్సీడ్ మరిచిపోలేదు. మోకాలు విరక్కపోయినా తనకు అక్కడ చోటుండేది కాదన్న సంగతి హార్లన్‌కి ఒక్కడికే చెప్పుకున్నాడు. హార్లన్ ఇప్పుడు సరిగ్గా ఆ పుండు మీదే వేలు పెట్టాడు.

ఇంటికెళ్ళి ఆ ఆటల ఫిల్ము వేసి సరిచూసుకోవచ్చు. చూడలేదు. కూతురి పారేన్ చెప్పిన మాటకు సాక్ష్యం వెతకడం సిగ్గుచేటనిపించింది. జావియన్‌ని చివరి రోజుకు దింపేసి, ఆట చదవడం రాదని రాశాడు.

డ్రాఫ్టు రెండో రోజున జట్టు పెద్దలంతా గదిలో కూర్చున్నారు. కుర్రాళ్ళ పేర్లున్న అట్టలు గోడకు వరసగా అంటించి ఉన్నాయి. స్కౌట్లకు పెద్దయిన ప్రూయిట్ కళ్ళజోడు పైకి నెట్టాడు.

"ఆల్సీడ్, ఈ సోనియే ఇంకా ఎవడికీ పోలేదు. ఫిల్ములో నాకైతే ముచ్చటేసింది. మీ ఊరివాడు. తీసుకుందామా?"

గదిలో అందరూ ఆయనవైపు తిరిగారు.

"వద్దు సార్. వాడికి ఆట చదవడం రాదు," అన్నాడు ఆల్సీడ్.

ప్రూయిట్ ఆ అట్టను వరసలో కిందికి జరిపాడు. ఆల్సీడ్ చెబితే ఎవరూ మారు మాట్లాడరు. మూడో రోజు, జనం టీవీలు కట్టేసి వంటపనుల్లో పడ్డాక, ఉత్తరాది జట్టొకటి జావియన్ పేరు పిలిచింది. ఒడెస్సా పెరట్లో చుట్టాలకోసం పెట్టిన దేగిసాలు అప్పటికే చల్లారిపోయాయని ఏర్లీన్ ఫోన్లో చెప్పింది. అయ్యో అనుకున్నాడు గాని, ఉన్నమాటే చెప్పానని మనసుకు సర్దిచెప్పుకున్నాడు.

పది రోజులు తిరక్కుండానే ఆ ఉత్తరాది జట్టు కార్నర్లకు కొత్త కోచ్‌ని ప్రకటించింది. హార్లన్ బాటిస్ట్.

ఆ వార్త ఆల్సీడ్‌కి చెప్పింది బడ్ హెన్స్లీ అనే పోటీ జట్టు స్కౌట్. పెట్రోలు బంకు కొట్టు దగ్గర ఇద్దరూ వేడివేడి బూడాన్ సాసేజీలు తింటూ నిలబడ్డారు.

"మీ వాడు మహా గట్టివాడయ్యా! నాకూ ఆ టోపీ కథే చెప్పాడు. 'నీకు కాబట్టి చెప్తున్నా' అని కూడా అన్నాడు. కోచ్‌లు వంద కూస్తారు, ఈ చెవిన విని ఆ చెవిన వదిలేశా."

"వదిలేస్తే మరి నువ్వెందుకు తీసుకోలేదు?"

"నువ్వు దింపేశావని తెలిసింది కదా! సొంత ఊరివాణ్ణి ఆల్సీడ్ గిలరీ దింపాడంటే ఊరికే దింపుతాడా అని నేనూ దింపేశా. అందరం దింపాం. హార్లన్ మాట ఎవడు నమ్ముతాడయ్యా? నమ్మింది నిన్ను."

ఆల్సీడ్ మిగిలిన సాసేజీని చెత్తబుట్టలో పడేసి కారెక్కాడు. చిన్ననాటి మిత్రుడు తనను మోసం చేయడం ఒక ఎత్తు. తన మంచిపేరును కత్తిగా చేసి, దాంతోనే ఒడెస్సా కొడుకు గొంతు కోయడం ఇంకో ఎత్తు.

ఇంటికెళ్ళి ఫిల్ము వేశాడు. ఈసారి నడుము చూడలేదు, తల చూశాడు. ఆట తర్వాత ఆట, కుర్రాడి తల ఒక్కసారి కూడా గీతవైపు తిరగలేదు. వాడి కళ్ళు బంతి విసిరేవాడి మీద, రిసీవర్ల పాదాల మీద ఉన్నాయి. గీత బయట హార్లన్ టోపీ సర్దుకుంటే సర్దుకున్నాడేమో, చూసినవాడు లేడు. వాడు చదివిన ఆటంతా వాడిదే. చంటిపిల్లాడికి కూడా కనిపించే సంగతి. ఆల్సీడ్ తల పట్టుకుని ఏడ్చాడు.

అదే ఊపులో హార్లన్ ఇంటికి వెళ్ళాడు. వాకిట్లో సామాను పెట్టెలు కడుతున్నారు. హార్లన్ తల ఎత్తి చూసి, ఆ మొహం చూడగానే సంగతి గ్రహించాడు.

"లోపలికి రా, మంచినీళ్ళు తాగు."

"నీ నీళ్ళు నాకొద్దు. శీతాకాలంలోనే మాట్లాడుకున్నావు కదా వాళ్ళతో?"

"మాట్లాడుకున్నా. నాకు అరవై వస్తున్నాయిరా. ఒక్క ఏడాదైనా పై జట్టులో నిలబడకుండానే చావమంటావా? మంచి కార్నర్ ఒకడు చివరిదాకా మిగిలేలా చూస్తే చోటిస్తామన్నారు. చూశాను. కుర్రాడికి పోయిందేముంది? నా చేతికిందే ఉంటాడు, నేను పైకి తెస్తాను."

"నా నోటితో చెప్పించావు కదరా. నా కూతుర్ని ఎత్తుకున్న చేతులతో!"

హార్లన్ పెట్టెకు తాడు బిగించాడు. "చెప్పాను, నిజమే. నీకు కళ్ళున్నాయి కదా. ఊరంతా ఆల్సీడ్ కళ్ళు, ఆల్సీడ్ కళ్ళు అంటుంది. వాటిని వదిలేసి నన్ను నమ్మమని ఎవడన్నాడు నీకు?"

ఆల్సీడ్ ఒక అడుగు ముందుకు వేశాడు. చెయ్యి చేసుకుందామనుకున్నాడు గాని చెయ్యి లేవలేదు. నడిచొచ్చేశాడు.

ఆ ఆదివారం పూజ అయ్యాక చర్చి ముందు జనం జావియన్‌ని చుట్టుముట్టారు. మర్నాడే వాడి ప్రయాణం. వాడు జనాన్ని తప్పించుకుని ఆల్సీడ్ కారు దగ్గరికొచ్చాడు. పక్క సీట్లో ఏర్లీన్ ఉంది.

"ఒక మాట అడగనా, సార్?"

"అడుగు."

"అందరూ నన్ను కిందికి దింపింది మిమ్మల్ని చూసేనట. హార్లన్ కోచ్ చెప్పారు. ఆయన మీతో ఎంతో పోట్లాడారట నాకోసం. మీరు వినలేదట. నిజమేనా?"

ఏర్లీన్‌కి అంతా తెలుసు. ఆమె చటుక్కున ముందుకు వంగి నోరు తెరిచింది. ఆల్సీడ్ ఆమె చేతిమీద చెయ్యి వేసి గట్టిగా నొక్కాడు.

"నిజమే. రాసింది నేనే."

"ఏం రాశారు?"

"ఆట చదవడం రాదని రాశాను."

కుర్రాడి దవడ బిగుసుకుంది. "మా అమ్మ మిమ్మల్ని మా మనిషి అనుకుంది. హార్లన్ కోచ్ ఒక్కరే నన్ను నమ్మారు. ఆయన కోసమైనా ఆడి చూపిస్తాను, సార్." 'సార్' అనడం మాత్రం మానలేదు. ఆ మర్యాదే ఆల్సీడ్‌ని ఎక్కువ గుచ్చింది.

వాడు వెళ్ళి తల్లి పక్కన నిలబడ్డాడు. ఒడెస్సా ఇటు చూసింది, పలకరించకుండా మొహం తిప్పుకుంది.

"నీకేమైనా పిచ్చా?" అని ఏర్లీన్ విరుచుకుపడింది. "ఆ దొంగ ఆ కుర్రాడికి దేవుడా? గొంతు కోసింది వాడైతే మచ్చ నువ్వు మోస్తావా? దిగుతాను, నేనే చెప్తాను."

"చెప్పకు."

"ఎందుకు చెప్పకూడదు?"

"రేపట్నుంచి ఆ కుర్రాడు హార్లన్ చెప్పినచోట నిలబడాలి ఏర్లీన్, వాడు దూకమన్నప్పుడు దూకాలి. కోచ్ మీద అనుమానం పెట్టుకున్న కార్నర్ అర అడుగు ఆలస్యంగా కదుల్తాడు. చివరి వంతులో పోయినవాడికి ఆ అర అడుగు చాలు, ఇంటికి పంపేస్తారు."

ఏర్లీన్ కారు తలుపు మీంచి చెయ్యి తీసేసింది. చర్చి మెట్ల దగ్గర జావియన్ చేతులు ఊపుతూ ఎవరికో ఏదో చెబుతున్నాడు. హార్లన్ వచ్చి వాడి భుజం మీద చెయ్యి వేశాడు. కుర్రాడు అతన్ని కౌగిలించుకున్నాడు. ఆల్సీడ్ చివరిదాకా చూసి, కారు స్టార్ట్ చేశాడు.