సువార్తమ్మ బావి

దయ్యాలు, ఆత్మలు లాంటివి నేనెప్పుడూ నమ్మలేదు. మంగళగిరిలో ఒక చిన్న ఆఫీసులో డేటాబేస్ పని నాది. ఏదైనా వింతగా కనిపిస్తే ముందు సమాచారం కోసం నేను రాసిన క్వెరీలోనే తప్పు వెతుకుతాను. ఈ సంగతిలోనూ అదే చేశాను.

చీమకుర్తి దాటాక మిరప పొలాల మీదుగా ఒక రోడ్డు వేయాలి. దారిలో ఉన్న పాత బావులను గుర్తించడం మా పని. బావుల మ్యాపు ఫైలు వేరే ఆఫీసు సర్వర్‌లో ఉంటుంది. దాన్ని మేం తెచ్చుకోం. మా డేటాబేస్‌లోంచే అక్కడికి లింకు కలుపుకుంటే ఆ ఫైలు మా సొంత టేబుల్‌లా కనిపిస్తుంది. చదవగలం, అంతే. ఒక్క అక్షరం కూడా మార్చలేం.

ఆ మధ్యాహ్నం మా టేబుల్‌లో నూట పధ్నాలుగు బావులు వచ్చాయి. ఫైలును నేరుగా తెరిస్తే నూట పదమూడే. ఎక్కువగా వచ్చిన వరసలో, పేరు ఉండాల్సిన చోట 'సువార్తమ్మ' అని ఉంది. బావికి మనిషి పేరేమిటి అనుకున్నాను. లింకు తీసేసి మళ్లీ కలిపాను. ఆ వరస పోలేదు.

మర్నాడు అక్కడికి వెళ్లాను. కళ్లంలో ఆరబోసిన మిరపకాయల ఎరుపు ఎండలో పైకి లేచి గాలంతా పరుచుకున్నట్టుంది. ఘాటుకు కళ్లు చెమర్చి, మనుషులంతా నీళ్లలో కదులుతున్నట్టు కనిపించారు. ఆ వరసలోని గుర్తు ప్రకారం ఫోన్ చూపించిన చోట బావి లేదు. చదును నేల. దాని మీద కోతకు వచ్చిన కూలీల గుడారాలు మూడు. ఒకదాంట్లో చీరతో కట్టిన ఉయ్యాల, అందులో నిద్రపోతున్న బిడ్డ.

కళ్లంలో రంగు పోయిన తాలుకాయలు ఏరుతున్న మరియమ్మ అనే పెద్దావిడను, ఇక్కడ సువార్తమ్మ బావి అని ఏదైనా ఉండేదా అని అడిగాను. ఆమె చేతిలో కాయలు జారిపోయాయి.

"మా అక్క పేరమ్మా అది," అంది. "నీళ్లు చేదుతుంటే ఒడ్డు విరిగి బావిలో పడిపోయింది. పైకి తీయలేకపోయారు. అట్టాగే పూడ్చేశారు. నాకప్పుడు ఏడేళ్లు."

ఆ బావి ఏ కాగితంలోనూ ఎక్కలేదని, అక్కకు సమాధి కూడా లేదని చెప్పింది.

లాప్‌టాప్ తెరిచి ఆ పేరు చూపించాను. ఆమెకు చదువు రాదు. నేను అక్షరాల కింద వేలు జరుపుతూ చదివితే, తర్వాత ఆమె కూడా అలాగే నెమ్మదిగా వేలు జరిపింది.

కింద పూడ్చిన బావి ఉంది, గుడారాలు తీయించమని కూలీల మేస్త్రీని బతిమాలాను. ఆయన విసుక్కున్నాడు. మరియమ్మే వెళ్లి ఉయ్యాలలోంచి బిడ్డను ఎత్తుకుని కళ్లం వైపు నడిచింది. తల్లి ఆమె వెంట నడిచింది. మిగిలినవాళ్లూ గుడారాలు విప్పుకుని కదిలారు.

మూడో రోజు అకాల వాన పడింది. తెల్లారేసరికి గుడారాలు ఉండిన చోట నేల గుండ్రంగా కుంగిపోయిందని మేస్త్రీ ఫోన్ చేశాడు.

వెంటనే టేబుల్ తెరిచాను. ఆ వరస లేదు. ఫైలును కొన్నేళ్లుగా ఎవరూ ముట్టలేదని అవతలి ఆఫీసువాళ్లు చెప్పారు. వాళ్ల దగ్గరున్న పాత కాపీలన్నీ వెతికాను. ఆ పేరు ఎక్కడా లేదు.

వారం తర్వాత మరియమ్మ ఎవరి ఫోన్‌తోనో పలకరించింది. "మా అక్క పేరు ఇంకా ఉందా అమ్మా?"

ఉందని చెప్పాను. ఎందుకలా చెప్పానో నాకు తెలుసు. ఆ పేరు ఎక్కడి నుంచి వచ్చిందో మాత్రం ఈనాటికీ తెలియదు.