రెండో గుడ్డు, అక్క పల్లెం

అక్కకు మహబూబాబాద్ బదిలీ అయింది. ఈ రోజు రెండు అద్దె ఇళ్ళలో ఒకటి ఖాయం చేసుకోవాలి. ఒకటి ప్రైవేటు బడి దగ్గర, రెండోది మేమిద్దరం చదువుకున్న సర్కారు బడి పక్కన. తన పాపను మన బడిలో వేయొచ్చా అన్నదే అక్క బెంగ. పూర్వ విద్యార్థి హోదాలో అక్కను వెంటబెట్టుకుని తనిఖీకి నేనే బయలుదేరాను. చేతులు వెనక్కి కట్టుకుని నల్లాలు, నల్లబల్లలు గంభీరంగా పరిశీలించాను.

ఇంతలో మధ్యాహ్న భోజనం వండే లచ్చమ్మవ్వ గరిటెతో బయటికి వచ్చింది. వెనకే అదే పాత పప్పు వాసన.

"గుడ్డు పెట్టే దినం రెండు పల్లాలతోని రెండుసార్లు లైన్ల నిలబడేటోనివి నువ్వే గదా! రెండోదాని మీద మీ అక్క పేరుండె."

అక్క నా వైపు తిరిగింది. "నా పల్లెం పోయిందంటివి! నెలంత టిఫిన్ మూతల తిన్న గదరా!"

"గప్పుడే తెల్సా అవ్వా?" అన్నాను.

"తెల్వకేంది? ఆకలైన పోరడు మల్లొస్తె పెట్టనా?"

"అయితే మా పాప ఈ బడికే వస్తది అవ్వా" అంది అక్క. తర్వాత బడి పక్కిల్లే ఖాయం చేసింది. పాప పేరు చెక్కించిన కొత్త పల్లెం మాత్రం నేనే తేవాలట.

మీ బడిలో మిమ్మల్ని ఇంకా గుర్తుపట్టేవాళ్ళు ఉన్నారా? ఉంటే తప్పకుండా వెళ్ళండి, అక్కను మాత్రం వెంట తీసుకెళ్ళకండి.