నిద్రపోనివ్వని గవర్రాజు

మద్దిలపాలెం బస్ డిపో ఎదుట డీటీపీ సెంటరు నడిపే గవర్రాజుకి లోకంలో ఒక్కటే భయం: కంప్యూటర్ నిద్రపోవడం. ఐదు నిమిషాలకోసారి మౌస్ కదపందే ఆయనకి ఊపిరాడదు. కుడిచేత్తో ఇడ్లీ తింటూ ఎడంచేత్తో మౌస్ కదిపేవాడు.

2002లో, అప్పటికే ముసలిదైపోయిన ఆ పెట్టెలోకి ఆపరేటింగ్ సిస్టమ్ కొత్త వెర్షన్ ఎక్కించాక పట్టుకున్న జబ్బు ఇది. తెర ఒకసారి నల్లబడిందా, ఇక మేలుకోదు. ఆపి మళ్లీ ఆన్ చేస్తే ముప్పావుగంట గుర్రుమని, సగంలో నీలం తెర చూపించి, మొదటికొచ్చేది. నిద్ర సెట్టింగు తీసేసినా మర్నాటికి తిరిగి తయారు.

ఇందులో ఇరుక్కున్నది కాంతం. ఆమె పద్దెనిమిదేళ్లు టైపు నేర్పిన ఇన్‌స్టిట్యూట్ మూతపడింది. పోర్టు దగ్గర ఒక షిప్పింగ్ ఆఫీసులో ఉద్యోగానికి నెలరోజుల్లో కంప్యూటర్ మీద పరీక్ష. నలభై రెండేళ్ల మనిషిని ఇంకో ఆఫీసు పిలుస్తుందన్న ఆశ ఆమెకి లేదు. అందుకే రోజూ మధ్యాహ్నం గవర్రాజు షాపులో సాధన చేసేది. లైను చివరికి రాగానే, టైపు మిషను క్యారేజీ తోసే పాత అలవాటుకొద్దీ ఎడంచెయ్యి లేచి మానిటర్ని పక్కకి తోసేది. కాగితం తిప్పడానికి ఆగితే చాలు, భుజం మీంచి గవర్రాజు చెయ్యి మౌస్ మీదికి వచ్చేది. దాన్ని ఆపన్నహస్తం అనడానికి వీల్లేదు. వేళ్లనిండా పకోడీ నూనె.

“పాతదే మళ్లీ ఎక్కించీవచ్చు కదా అన్నయ్యా?”

“ముందుకెల్లినోణ్ణి ఎనక్కి రమ్మంతావేటి టీచరమ్మా. నాను రాను.”

మేనకోడలి పెళ్లికి సింహాచలం వెళ్తూ, మౌస్ బాధ్యత పక్క వాచీల కొట్టు కరీం బాషాకి అప్పజెప్పాడు. బాషా దానికి దారం కట్టి, గోడ కంతలోంచి తన కొట్లోకి తీసుకుని, వాచీ చూసుకుంటూ టంచనుగా లాగాడు. కాంతం ఎదురుగా తెరమీద బాణం గుర్తు రోజంతా గాలిపటంలా ఎగిరింది.

పరీక్ష రోజున తెర చూడగానే ఆమెకి సగం బెరుకు పోయింది. అచ్చం గవర్రాజు కొత్త వెర్షనే. మిగతావాళ్లు మెనూలు వెతుక్కుంటుండగా అందరికన్నా ముందు ముగించింది. మానిటర్ని రెండుసార్లే తోసింది. ఆఫీసరు సోమవారం నుంచి రమ్మన్నాడు.

ఆ మాట చెప్పడానికి పరుగున వస్తే, షాపులో తెర నల్లగా ఉంది. పక్కనే కుర్చీలో నోరు తెరుచుకుని గవర్రాజు గుర్రుపెడుతున్నాడు. ఆమె కంగారుగా బాషాని పిలిచింది.

బాషా కంటి అద్దం తియ్యకుండానే చెప్పాడు. “ఏటీ అవదు కాంతమ్మా. పొద్దున్నే పాతది ఎక్కించీసాడు. ఆ ఆఫీసులో కొత్తదుందని ఎవులో సెప్తే, నీకోసరం పెట్టాడు గానీ మా గవర్రాజు బావకెందుకది? నెల్లాళ్లయి పగలు కునుకు తీసాడేటి?”

కాంతం మౌస్ కదిపింది. కంప్యూటర్ వెంటనే లేచింది. గవర్రాజు లేవలేదు. సోమవారం నుంచి ఉద్యోగమని పెద్దక్షరాలతో టైపు చేసి, స్టూలు లాక్కుని, ఆయన లేచేదాకా చప్పుడు చెయ్యకుండా కూర్చుంది.