గూనపెంకు అనుకున్న ముక్క

ఆర్కియాలజీ చదువుతానంటే మా నాన్న నవ్వి, "కొండను తవ్వి ఎలుకను పడతవా బిడ్డా?" అన్నాడు. బ్యాంకు కోచింగ్‌కు పొమ్మని పోరు పెట్టాడు. నేను వింటేగా! ఇంట్లో కొట్లాడి వచ్చి తార్నాకలో గది తీసుకుని, యూనివర్సిటీ క్యాంపస్‌లో ఎమ్మేలో చేరాను. నాకు కావాల్సింది ఒక్కటే, చలికాలంలో జరిగే తవ్వకాలకు పోవడం. క్లాసు మొత్తాన్ని తీసుకుపోరు, కొందరినే ఎంచుతారు.

చరిత్ర క్లాసంటే మాత్రం నాకు ఒళ్ళు మంట. శాతవాహనుల కాలంలో ఎవరు ఎవరికి ఏ సరుకు అమ్ముకుంటే నాకేంటి? గడ్డపార చేతికిస్తే చాలనుకునేదాన్ని.

ఎంపిక రోజు, ఆ చరిత్ర క్లాసు చెప్పే మేడమే ఒక్కొక్కరికీ ఒక గోనెసంచి ఇచ్చారు. అందులో ఒక పాటిగడ్డ మీద, అంటే పాత ఊరు మట్టిలో కలిసిపోయిన దిబ్బ మీద, ఏరుకొచ్చిన కుండపెంకులు ఉన్నాయి. వాటిని బకెట్ నీళ్ళలో పాత టూత్‌బ్రష్‌తో కడిగి, వరండాలో ఆరబెట్టి, పాతవి ఒకవైపు, ఈ కాలపు చెత్త ఒకవైపు వేయాలి. చేతిపనిలో నన్ను మించినవాళ్ళు లేరు. అందరికంటే ముందే ముగించి దర్జాగా కూర్చున్నాను.

మేడం వచ్చి నా చెత్తకుప్ప ముందు చతికిలబడ్డారు. దళసరి ముక్క ఒకటి తీసి, "గిదేంది?" అన్నారు.

"గూనపెంకు మేడం. ఎవరింటి కప్పుదో."

ఆమె కోప్పడలేదు. విరిగిన అంచును ఎండకు తిప్పి, భూతద్దం నా చేతికిచ్చారు. ఎర్రమట్టిలో నల్లటి ఇసుక రేణువులు తళతళమంటున్నాయి.

"గది అగ్నిపర్వతం ఇసుక. ఇటలీది. ద్రాక్షసారా పోసే జాడీ ముక్క ఇది. రుతుపవనాల గాలి పట్టుకొని ఓడల వచ్చింది. తీరంల దిగి, ఎడ్లబండ్ల మీద మన ఊర్ల దాకా వచ్చింది. క్లాసుల చెప్పిన గద బిడ్డా."

నా ఒళ్ళు ఝల్లుమంది. ఏ దేశపు కుమ్మరో పిసికిన మట్టి, సముద్రం దాటి, మన పల్లెలో ఎవరి విందులోనో ఖాళీ అయి, రెండు వేల ఏళ్ళు దిబ్బలో పడుకుని, ఇప్పుడు మెట్రో చప్పుడు వినబడే వరండాలో నా అరచేతిలో ఉంది. పిడికెడు పెంకులో ఇంత లోకమా! సిగ్గు తర్వాతే వచ్చింది.

"తవ్విన నేలను మళ్ళ తవ్వలేం," అన్నారు మేడం. "గాడ ఏం పారేసినమో తర్వాత ఎవ్వరికీ తెల్వది. అయినా నీ చేతిపని మంచిగున్నది. పోతనంటే పంపుత. పోతవా?"

దానికోసమే కదా ఇంత దూరం వచ్చింది. పోతానని చెప్పడానికే నోరు తెరిచాను. ముందున్న చెత్తకుప్ప కనిపించింది. అందులో ఇంకా ఏమేం ఉన్నాయో నాకు తెలియదు.

"ఈసారి వద్దు మేడం," అన్నాను. "చదువుకుని పోత."