నర్సింహ పేరు మీద వచ్చిన రిపోర్టులు

2022 ఎండాకాలం. ఎల్బీనగర్‌ల ఒక గల్లీలో, మేడ మీద రక్తపరీక్షల ల్యాబు. దిల్‌సుఖ్‌నగర్ నుంచి హయత్‌నగర్ దాక ఇసొంటి ల్యాబులు, క్లినిక్‌ల లినక్స్ సర్వర్లు చూసుకునుడు నా పని. పదిహేనేండ్ల సంది స్కూటీ మీద తిరుగుతున్న. మిషన్‌ల దయ్యం ఉన్నదని ఎవరన్న అంటే నాకు ఒళ్లు మండుతది. అసలు మాట చెప్పరు, దయ్యం మీద పెడ్తరు.

ఆ ల్యాబు టెక్నీషియన్ నర్సింహ అంతకు నెల కిందట గుండెపోటుతో పోయిండు. నల్లగొండ దిక్కు మనిషి, నెమ్మదస్తుడు. పరీక్షలు చేసేది ఆయనే, సర్వర్ చూసుకునేది ఆయనే. ల్యాబు నడిపే డాక్టరమ్మ ఆయన భార్య పద్మకు కౌంటర్‌ల పని ఇచ్చింది. అంత బాగనే ఉన్నది గని, ఇచ్చే ప్రతి రిపోర్టు కింద ‘పరిశీలించినవారు: నర్సింహ’ అని పడుతున్నది. ఎవరన్న పట్టుకుంటే ల్యాబుకు తాళమే అని డాక్టరమ్మ పరేషాన్‌ల ఉండె. ఆ పేరు ఎట్లన్న తీసెయ్యమన్నది.

కొత్త టెక్నీషియన్ సలీం మలక్‌పేట నుంచి వస్తడు. నన్ను పక్కకు పిలిచి మెల్లగ చెప్పిండు.

“నేను చూసి ఓకే నొక్కుతున్న మేడం. సంతకం ఆయన పెడుతున్నడు.”

ఇంకో మాట కూడ చెప్పిండు. పొద్దున ఏడింటికి తను వచ్చేసరికి సర్వర్ రూంల కుర్చీ వెచ్చగ ఉంటదంట. ఏసీ నడిచే రూంల కుర్చీ ఎందుకు వెచ్చగుంటది అని నేను కసిరిన. తర్వాత లాగ్ తెరిచిన. ఎవరు ఎప్పుడు వచ్చిన్రో మిషన్ రాసుకునే చిట్టా అది. narsimha, ఇయ్యాల పొద్దున 6:40. నిన్న 6:40. మొన్న 6:40. అటు మొన్న 6:40. బయటినుంచి కాదు, ఆ రూంల ఉన్న కీబోర్డు మీదనే. అబద్ధమెందుకు, నా చేతుల మీద వెంట్రుకలు లేచినయ్. ఆ పూట ఆ కుర్చీల కూసోలేదు, నిలబడే పని చేసిన.

తెల్లారి ఆరున్నరకే డాక్టరమ్మ తాళంచెయ్యి తీస్కొని పోయి, షటర్ మళ్ల కిందికి గుంజి, సర్వర్ రూం మూలకు నిలబడ్డ. గల్లీల చప్పుడు లేదు, ఫ్యాన్ల హోరు తప్ప. కొంచెం సేపటికి షటర్ లేచింది. చెప్పులు ఇడిసి ఎవరో నెమ్మదిగ నడిచి వస్తున్నరు. తలుపు తీసుకొని పద్మ వచ్చింది.

నన్ను చూసి ఆమె కూడ జడుసుకున్నది. కాసేపటికి తేరుకొని కూసొని చెప్పింది. ఆ ప్రోగ్రామ్ రోజంత నడిస్తే మొరాయిస్తదంట. అందుకని నర్సింహ రోజూ పొద్దున దాన్ని ఆపి, మళ్ల మొదలుపెట్టేటోడు. సెలవు రోజుల్ల ఇంట్ల లాప్‌టాప్ నుంచి చేసేటప్పుడు పక్కన కూసొని చూసి ఈమె నేర్చుకున్నది. పాస్‌వర్డు తెలుసు, ఆయన తాళంచెయ్యి కూడ ఆమె దగ్గరనే ఉన్నది. సలీం రాకముందే పని చేసి తాళమేసి పోయి, మళ్ల కౌంటర్ టైముకు వస్తదంట. ఆయన పని ఆగొద్దని చేస్తున్నది. అడిగితే వద్దంటరేమోనని ఎవరికీ చెప్పలేదు.

చెయ్యమన్న. చూడకుండనే టకటక కొట్టింది. నర్సింహ లాగిన్, తర్వాత su, ఇంకో పాస్‌వర్డు. నాకు అక్కడనే సమజైంది.

రూట్ అంటే మిషన్ మొత్తానికి యజమాని. మామూలు మనిషిగ లోపలికొచ్చి su కొడితే యజమాని అధికారం వస్తది. కాని పాత మనిషి సెట్టింగులు, అంటే ఎన్విరాన్‌మెంట్, శానా వరకు వెంట ఉంటయ్, పేరుతో సహా. పెత్తనం యజమానిది, జేబుల గుర్తింపు కార్డు పాత మనిషిది. su తర్వాత ఖాళీ ఇడిసి ఒక అడ్డగీత పెడితేనే ఆ కార్డు పోయి రూట్ సొంత సెట్టింగులొస్తయ్. నర్సింహకు ఆ గీత పెట్టే అలవాటు లేదు. గీత లేకుండ మొదలుపెట్టిన ప్రోగ్రామ్ ఆగేదాక ఆ పేరే మోస్తది. ఆ ప్రోగ్రామ్ రాసిన మహానుభావుడేమో, ఆ పేరునే తెచ్చి రిపోర్టు కింద అచ్చేసిండు. దొరికితే రెండు పీకుదును. ఇన్నేండ్లు రిపోర్టులు చూసింది నర్సింహ ఒక్కడే కాబట్టి తప్పు ఎవరికీ కనబడలేదు.

ఇదంత చెప్తే పద్మ బుద్ధిగ విన్నది. తర్వాత నా చెయ్యి పట్టుకున్నది.

“తీసెయ్యకు అక్కా. రోజూ నలభై, యాభై కాయితాల మీద ఆయన పేరు చూస్త. అది చూసేటందుకే పొద్దున లేస్తున్న.”

నాకు ఏడుపొచ్చింది. అయినా తీసేసిన. మంది రోగాలు రాసిన కాయితాలవి, చచ్చిపోయిన మనిషి చూసిండని ఎట్ల ఇస్తం? ప్రోగ్రామ్ దిద్ది, చూసిన మనిషి పేరే పడేటట్టు చేసిన. పద్మకు సొంత లాగిన్ ఇచ్చి, గీత పెట్టుడు నేర్పిన. పొద్దున పని ఆమెకే ఉంచమని డాక్టరమ్మకు గట్టిగ చెప్పిన. మొదటి రిపోర్టు సలీం పేరుతో వచ్చింది. పద్మ దాన్ని రెండు చేతులతో పట్టుకొని శానా సేపు చూసింది.

తర్వాత అడిగింది. ఆయన పోయినంక తను పనిల చేరేదాక పది దినాలు పట్టింది కదా, ఆ పది దినాలు రిపోర్టులు ఎట్ల వచ్చినయని. ఆఖరు రోజు పొద్దున ఆయన మొదలుపెట్టిందే నడిచిందని చెప్పిన. మొరాయించుకుంటనే నడిచింది. ఆమె మొఖం మారింది.

“నేనొచ్చేసరికి అది ఆగిపోయే ఉండెనా అక్కా?”

లాగ్ నా ముందర తెరిచే ఉన్నది. ఆయన చేతితో ఆఖరుపారి మొదలైంది ఆమె మొదటి రోజు పొద్దున 6:40 దాక నడిచింది. ఆపమని కొట్టింది ఆమెనే.

“ఆగిపోయే ఉండె పద్మా. ముందురోజు కరెంటు పోయింది.”

ఆ దినం సంది ఎక్కడికి పోయినా, su పక్కన గీత మరువకున్రి, లేకుంటే పాత మనిషి మీ వెంట వస్తడని అందరికీ చెప్త. లాగ్ చూసి అబద్ధం చెప్పింది మాత్రం నా పనిల ఆ ఒక్కపారే. పద్మ ఇంక ఆ మాట అడగలేదు. రేపు అడిగినా నేను కరెంటే పోయిందని చెప్త.